భూమి అడిగితే బియ్యం పెట్టారు

(కావలిలో ఒక గ్రంథాలయం హాల్లో మాట్లాడింది. రికార్డింగ్ విని టైప్ చేశాం, మాట తీరు మార్చలేదు.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నోళ్ళకి వినబడుతుందా? ఫ్యాన్ సౌండ్ ఎక్కువగా ఉంది, పోనీలెండి, ఫ్యాన్ ఆపితే మీరు లేచి వెళ్ళిపోతారు, నేనే కాస్త గట్టిగా మాట్లాడతా. (నవ్వులు)

పాంప్లెట్లో నా టాపిక్ చూసి నేనే జడుసుకున్నా. ఆదాయ పునఃపంపిణీ, ప్రజాస్వామిక మార్పు, రాజకీయ అర్థశాస్త్రం అని మూడు బరువైన మాటలు ఒకే లైన్లో వేశారు. డిగ్రీ పిల్లలకి ముప్పై ఏళ్ళు ఎకనామిక్స్ చెప్పినోణ్ణి, ఈ మాటలు బోర్డు మీద రాస్తే చివరి బెంచీలు ఎట్లా ఖాళీ అవుతాయో నాకు తెలుసు. అందుకని ఆ పేరు పక్కన పెట్టేసి ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతా. ఊళ్ళో లేనోళ్ళు ఎక్కువ, ఉన్నోళ్ళు తక్కువ. ఓటు మాత్రం తలా ఒకటే. మరి లేనోళ్ళందరూ ఒకటై 'ఉన్నోళ్ళది పంచండి' అని ఓటేస్తే అడ్డం చెప్పేదెవరు? డెబ్భై ఏళ్ళు దాటింది మనం ఓట్లేయబట్టి, ఎందుకు జరగలేదు? అసలు జరగలేదా, లేక ఇంకో రూపంలో జరిగిందా? ఇంతే నా టాపిక్.

ఈ ప్రశ్న మనకి కొత్తగానీ దొరలకి చాలా పాతది. ఇంగ్లండులో 1842లో చార్టిస్టులని కార్మికులు, మాకు ఓటు కావాలని పార్లమెంటుకి అర్జీ పెట్టారు, 33 లక్షల సంతకాలు, కాయితాలు మోయడానికే బోలెడంత మంది పట్టారంట. దాని మీద సభలో లేచి వద్దని వాదించినోళ్ళలో మన మెకాలే ఒకడు. అవును, మన చదువులు మార్చినోడే, మీరు తిట్టుకునే మెకాలేనే. (నవ్వులు) ఆయన వాదన ఏంటంటే, ఆస్తి లేనోళ్ళ చేతికి ఓటిస్తే ఇక ఆస్తికి భద్రత ఉండదు, ఆస్తికి భద్రత లేకపోతే నాగరికతే ఉండదు అని. అంటే పేదోడి చేతిలో ఓటు పడిన మర్నాడే గోదాముల తలుపులు పగులుతాయని ఆయన గట్టిగా నమ్మాడు. ఓటు చివరికి ఇచ్చారనుకోండి, కొంచెం కొంచెంగా, మగాళ్ళందరికీ, కొందరు ఆడాళ్ళకీ 1918లో, ఆడాళ్ళకి సమానంగా 1928లో. గోదాములు పగల్లేదు. పగలకపోగా పెన్షన్లు వచ్చాయి, బళ్ళు వచ్చాయి, ఆస్పత్రులు వచ్చాయి, ట్యాక్సులు పెరిగాయి. కొంతమంది స్కాలర్లు ఏమంటారంటే అసలు ఉన్నోళ్ళు ఓటు ఇచ్చిందే విప్లవం రాకుండా అంట. ఇవాళ ఇస్తాం అన్న మాట రేపు తప్పరని గ్యారంటీ ఏంటి? ఓటే గ్యారంటీ. ఈ లైన్లో రాసిన వాళ్ళకి 2024లో నోబెల్ కూడా వచ్చింది.

1981లో మెల్ట్‌జర్, రిచర్డ్ అని ఇద్దరు దీన్నొక లెక్కలాగా కట్టారు. ఓటర్లందర్నీ ఆదాయం ప్రకారం వరసలో నిలబెట్టండి, సరిగ్గా మధ్యలో ఉన్న మనిషి ఎవరో చూడండి, ఆయనెటు మొగ్గితే ప్రభుత్వం అటు. ఆ మధ్య మనిషి ఆదాయం సగటు కంటే ఎంత తక్కువుంటే పంచమనే కోరిక అంత ఎక్కువ. బోర్డు మీద చాలా అందంగా ఉంటుంది, నేను కూడా గీసి మార్కులేయించా. కానీ మన ఊళ్ళో ఆ వరసని నిలబెట్టి చూస్తే ఒకటి తేడా కొడుతుంది. ఆ మధ్య మనిషికి ఏం కావాలో ఈ లెక్కలో ఉంది, ఆయన ముందు ఏమేం పెట్టారు, ఏది పెట్టలేదు అనేది లేదు. పెళ్ళి భోజనంలో నీకు ఏ కూర కావాలో నువ్వు చెప్తావు, నిజమే, కానీ వడ్డించేవాడి చేతిలో ఉన్న గిన్నెల్లోంచే కదా చెప్పేది.

మన దగ్గర మొదట అడిగింది బియ్యం కాదు, డబ్బు కాదు. భూమి. తెలంగాణలో 1946 జూలైలో కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయిన దగ్గర్నించి 1951 అక్టోబర్లో పోరాటం ఆపేదాకా అడిగింది అదే. దాదాపు 3 వేల ఊళ్ళలో 10 లక్షల ఎకరాలు పంచామని కమ్యూనిస్టు పార్టీ లెక్క. ఆ లెక్కలో అటూ ఇటూ ఉండొచ్చు, కానీ ఆ వేడి ఎట్లాంటిదో చూడండి, అదే 1951 ఏప్రిల్లో వినోబా భావే పోచంపల్లి వచ్చి అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. మంచి మనసే, కాదనను. కానీ ఆ చుట్టుపక్కల ఆ నాలుగైదేళ్ళు జరిగింది జరక్కుండా ఉంటే ఆ సభలో ఆ మాట వచ్చేదా అని నాకు డౌటు.

తర్వాత మొదటి ఎలక్షన్లు. నల్గొండలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ గారి కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. సరే అది హైదరాబాద్ రాష్ట్రం. ఇటు ఆంధ్రలో ఏమైంది? మద్రాసు నుంచి విడిపోయి 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, ప్రకాశం పంతులుగారు ముఖ్యమంత్రి, ఆ తొలి ప్రభుత్వం ఏడాది తిరిగేసరికి ఒక్క ఓటు తేడాతో కూలిపోయింది, దేని మీదంటారు? మద్యనిషేధం మీద. (నవ్వులు) నవ్వకండి, మందు సంగతి మళ్ళీ వస్తుంది, ఈ కథలో మందే బ్యాంకు. 1955లో మధ్యంతర ఎన్నికలు వచ్చాయి. ఈసారి కమ్యూనిస్టులదే గవర్నమెంటని ఊరూరా అనుకున్నారు. తీరా ఓట్లు చూస్తే కమ్యూనిస్టులకి సుమారు 31 శాతం వచ్చాయి, మామూలు విషయం కాదు, ప్రతి ముగ్గురిలో దాదాపు ఒకరు. సీట్లు? 196కి 15. కాంగ్రెస్‌కి 39 శాతం ఓట్లు, 119 సీట్లు. ఉన్నోళ్ళ పార్టీలన్నీ ఒక గొడుగు కిందకి వచ్చి నియోజకవర్గానికి ఒక్కణ్ణే నిలబెట్టాయి, అయిపోయింది. ఈ 39 శాతం అనే అంకె గుర్తుపెట్టుకోండి, చివర్లో దీనితో పని పడుద్ది.

సరే, భూమి పంచమన్న మాట ఆగలేదు, అసెంబ్లీ లోపలికి వచ్చింది. లోపలికి వచ్చాక ఏమైందంటే, చట్టం రాసేది కూడా భూమి ఉన్నోళ్ళే కదండీ. 1973లో భూసంస్కరణల చట్టం చేశారు, సీలింగ్ పెట్టారు, అంటే ఇంతకు మించి ఉంచుకోకూడదని హద్దు, ఐదుగురున్న కుటుంబానికి మాగాణి అయితే నేలని బట్టి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట అయితే 35 నుంచి 54 ఎకరాలు. దీని కోసం గట్టిగా పట్టుబట్టిన అప్పటి ముఖ్యమంత్రి పీవీ నరసింహారావు ఆ చట్టం అమల్లోకి వచ్చేనాటికి కుర్చీలో లేరు. తెలంగాణ ఉద్యోగాలు స్థానికులకే అన్న ముల్కీ రూల్స్ చెల్లుతాయని తీర్పు, దాని మీద ఆంధ్ర వేరే రాష్ట్రం కావాలని జై ఆంధ్ర గొడవ, రాష్ట్రపతి పాలన, ఆ హడావిడిలో దిగిపోయారు. జై ఆంధ్ర అంతా భూస్వాముల నాటకం అని నేననను, ఉద్యోగాల బాధ నిజంగానే ఉంది, మా పెదనాన్న కొడుకు కూడా ఆ రోజుల్లో రోడ్డెక్కాడు, కానీ ఆ ఊరేగింపులకి వచ్చిన ట్రాక్టర్లు ఎవరివో ఊళ్ళో అందరికీ తెలుసు.

ఇంకా విశేషం ఏంటంటే చట్టం వస్తుందని రెండు మూడేళ్ళ ముందే తెలుసు అందరికీ. వెనక తేదీ నుంచి అమ్మకాలు చెల్లవన్నారు, అయినా కాయితాలు పుట్టాయి. పెద్ద కొడుకు వేరుపడ్డాడు. చిన్న కొడుకు వేరుపడ్డాడు, పాలేరు పేరు మీద రాశారు, పాలేరుకి తెలియదు. విడాకులు తీసుకున్నోళ్ళు ఉన్నారు, కాయితం మీద విడాకులు, ఒకటే పొయ్యి. మా వైపు ఒక పెద్దాయన పెంపుడు కుక్క పేరు మీద రెండెకరాలు పెట్టాడని చెప్పుకునేవాళ్ళు, నిజమో కాదో తెలియదు, నిజమైతే ఆ కుక్క ఇప్పుడు లెక్కకి చిన్న రైతు. (నవ్వులు) మొత్తానికి కొంత భూమి మిగులు తేలింది, అందులో పనికొచ్చేది కొంత పంచారు, మిగతాది రాళ్ళు రప్పలు, కోర్టు కేసులు. బంజరు భూములకి డి-పట్టాలు, అంటే గవర్నమెంటు భూమి పేదోళ్ళకి రాసిచ్చే పట్టాలు, ఇచ్చారు, అవి ఇచ్చినోళ్ళ చేతుల్లో ఎన్ని మిగిలాయో మళ్ళీ వేరే సభ పెట్టుకోవాలి.

ఇప్పుడు 1983కి వద్దాం. అప్పుడు నేను డిగ్రీ చదువుతున్నా. తెలుగుదేశం పెట్టిన తొమ్మిది నెలలకే గవర్నమెంటు, జనవరి 9న ఎల్బీ స్టేడియంలో ప్రమాణస్వీకారం, కిలో బియ్యం 2 రూపాయలు. ఇందులో ఒక తమాషా చెప్పాలి, ఎన్టీఆర్ 2 రూపాయలు అంటే అప్పటికి కుర్చీలో ఉన్న కోట్ల విజయభాస్కరరెడ్డి ఎలక్షన్ల ముందే రూపాయి తొంభై పైసలకి ఇస్తామని మొదలుపెట్టేశారు. పది పైసలు తక్కువ! అయినా ఓడిపోయారు. ధర ఒక్కటే చూసి ఓటేస్తారనుకునే మా ఎకనామిక్స్ వాళ్ళకి అది మొదటి చెంపదెబ్బ.

చాలామంది ఎర్ర మిత్రులు, ఇక్కడ కూడా ఉన్నారు, వాళ్ళేమంటారంటే, భూమి అడిగితే బియ్యం పెట్టి నోరు మూయించారు అని. నా టైటిల్ కూడా అదే కదా. కానీ అది సగం నిజం, ఆ రెండో సగం చెప్పడానికే నేనివాళ వచ్చింది.

మాది మెట్ట ఊరు. సజ్జ సంగటి, జొన్నన్నం, వరిగన్నం. వరన్నం అంటే పండగ, లేకపోతే జొరం. జొరం వస్తే వరన్నం పెడతారని మా చెల్లెలు జొరం తెచ్చుకునేది. (నవ్వులు) కూలోళ్ళకి ఆ సజ్జలు కూడా ఎండాకాలంలో ఉండేవి కావు. పనుల్లేని ఆ మూణ్ణెల్లు మోతుబరి ఇంటికెళ్ళి గింజలు అప్పు తెచ్చుకునేవాళ్ళు, పంట కళ్ళంలో ఒకటికి ఒకటిన్నర కొలిచేవాళ్ళు, అది కాకుండా పనులు మొదలవగానే ఆయన చేలోకే ముందు రావాలి, ఆయన చెప్పిన కూలికే రావాలి. అడిగే పనే లేదు. ఇది ఎక్కడా రాసి ఉండదు, బాండు లేదు సంతకం లేదు, ఆ కొలత శేరులోనే ఉంది అంతా.

రేషన్ కార్డు వచ్చింది. మనిషికి 5 కిలోలు, ఇంటికి 25 కిలోల దాకా. యాభై రూపాయలు పెడితే ఇంటికి నెలంతా కాకపోయినా ఇరవై రోజులు గడుస్తుంది. రెండో ఏడో మూడో ఏడో గుర్తులేదు, మా పెదనాన్న అరుగు మీద కూర్చుని పొద్దెక్కినా కలుపుకి మనుషులు రాలేదని ఎగిరెగిరి పడుతున్నాడు. 'రెండు రూపాయల బియ్యం తిని బలిసిపోయారు' అన్నాడు. ఆ మాట మీరు కూడా విని ఉంటారు, కోస్తా అంతా విన్న మాటే అది. నాకు అప్పుడు నవ్వొచ్చింది, తర్వాత పాఠం చెప్పే రోజుల్లో అర్థమైంది, మా పెదనాన్న తిట్టిన తిట్టులో మొత్తం రాజకీయ అర్థశాస్త్రం ఉంది. బియ్యం తింటే బలుపు రాదు, కానీ రేపు పొద్దున 'నీ చేలోకి రాను' అనగలిగే ధైర్యం వస్తుంది. భూమి చేతులు మారలేదు, గింజల అప్పు మాత్రం ఆగింది. కూలి రేటు పెంచమని అడిగినోళ్ళకి వెనకాల ఇరవై రోజుల తిండి ఉంది. ప్రజాస్వామిక మార్పు అంటే ఎలక్షన్లో పార్టీ మారడం ఒకటే కాదండీ, కలుపుకి రానని చెప్పడం కూడా.

దానికి తోడు ఇంకో పని జరిగింది, దాని గురించి తక్కువ మాట్లాడతారు. 1984 జనవరిలో కరణాలు, మునసబుల వ్యవస్థ రద్దు చేశారు. తరతరాలుగా ఊరి లెక్కలు ఒక ఇంట్లో ఉండేవి, ఎవడి భూమి ఎవడి పేరు మీదుందో ఆయన పెట్టెలోనే. తర్వాత మండలాలు వచ్చాయి, ఆఫీసు దగ్గరయింది. అప్పటికి మండలాఫీసు గుమస్తా కూడా లంచం అడిగేవాడే, కాదన్ను, కానీ గుమస్తాకి ట్రాన్స్‌ఫర్ ఉంటుంది, కరణానికి లేదు. 1985 సెప్టెంబర్ నుంచి ఆడపిల్లకి ఉమ్మడి ఆస్తిలో మగపిల్లాడితో సమానంగా వాటా అని మన రాష్ట్రం చట్టం మార్చింది, దేశం మొత్తానికి అది వచ్చింది 2005లో, ఇరవై ఏళ్ళ తర్వాత. భూమి పంపకం మీద అంత గొడవ చేసిన అసెంబ్లీ దీన్ని ఎట్లా ఒప్పుకుంది? ఎందుకంటే ఇది ఇంట్లో పంపకం, ఇంటి గడప దాటదు. అది కూడా కట్నంలో జమేసుకుని సంతకం పెట్టించుకుంటారనుకోండి, ఆ సంగతి అమ్మలకి నేను చెప్పేదేముంది.

సరే ఇంతకీ ఆ 2 రూపాయల బియ్యానికి డబ్బులెక్కడివి? ఇక్కడ మళ్ళీ మందు. రాష్ట్ర గవర్నమెంటు చేతిలో అప్పట్లో ఉన్న పన్నులేంటి? సేల్స్ ట్యాక్స్, ఎక్సైజు, రిజిస్ట్రేషన్లు, బండ్ల మీద ట్యాక్సు. వ్యవసాయం మీద ఆదాయపు పన్ను వేసే అధికారం రాష్ట్రానికే ఉంది, వందెకరాల తోటలాయన మీద వెయ్యమనండి ఎవరైనా! వెయ్యరు. మిగిలింది ఏంటి, అందరూ కొనే ఉప్పూ పప్పూ మీద, కూలోడు తాగే సారా మీద. ప్యాకెట్ సారా వచ్చింది, వారుణి వాహిని అని పేరు పెట్టారు, పేరు మాత్రం భలే పెట్టారు. గవర్నమెంటే వేలం పాటలు పాడించి ఊరూరికీ చేర్చింది. ఇంటావిడ కార్డు పట్టుకుని 2 రూపాయలకి బియ్యం తెస్తుంది, ఆ మిగిలింది ఇంటాయన సారా కొట్లో కట్టేస్తాడు, అదే డబ్బు తిరిగి ఖజానాకి పోయి మళ్ళీ బియ్యమై వస్తుంది. పునఃపంపిణీ అంటే ఉన్నోడి దగ్గర తీసి లేనోడికి ఇవ్వడం అని పాఠంలో ఉంటుంది. మన దగ్గర చాలా వరకు జరిగింది మొగుడి జేబులోంచి తీసి పెళ్ళాం గిన్నెలో పెట్టడం, మధ్యలో కాంట్రాక్టరు వాటా పోను.

దీన్ని మొదట పట్టుకున్నది ఏ యూనివర్సిటీనో కాదు, మన జిల్లా ఆడాళ్ళే, ఇక్కడికి ఎంతో దూరం లేదు దూబగుంట. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడులు పెట్టారు, వాచకంలో తాగుడు మీద ఒక పాఠం ఉంది, పాఠం చదివి పుస్తకం మూసేసి వెళ్ళి సారా కొట్టు మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు దేశమంతా తెలిసింది. 1992లో నెల్లూరులో సారా పాటలు జరగనివ్వలేదు, ఎన్నిసార్లు పెడితే అన్నిసార్లు అడ్డం పడ్డారు. అది మందుకి వ్యతిరేకం అని రాశారు అందరూ, నిజానికి అది బడ్జెట్‌కి వ్యతిరేకం. మా ఇంటి మీద వసూలు చేసి మాకే ఇచ్చే ఈ తిరకాసు వద్దు అని. 1993 అక్టోబర్లో సారా నిషేధం వచ్చింది, 1994 డిసెంబర్లో ఎన్టీఆర్ మళ్ళీ గెలిచి ప్రమాణస్వీకారం రోజే సంపూర్ణ మద్యనిషేధం మీద సంతకం పెట్టారు. ఆ ఎన్నికల్లో కాంగ్రెస్‌కి 294లో 26 సీట్లు. మరి బియ్యమూ 2 రూపాయలే ఉండాలి, మందూ ఉండకూడదు, డబ్బెట్లా? ఉన్నోళ్ళ మీద పన్ను వెయ్యాలి, వెయ్యలేదు. 1996లో బియ్యం మూడున్నర అయింది, 1997లో నిషేధం ఎత్తేశారు. గిన్నె అటు పోతే సీసా ఇటు వచ్చింది. అప్పట్నించీ రెండు రాష్ట్రాల్లో ఏ పార్టీ వచ్చినా ఈ ముడి విప్పలేదు.

ఇక్కడ ఒకాయన స్లిప్పు పంపారు, 'మరి భూస్వాములు ఎందుకు మెత్తబడ్డారు' అని. మంచి ప్రశ్న. మెత్తబడలేదు సార్, భూమిలోంచి బయటికి నడిచారు. డెల్టాలో హరితవిప్లవం మిగులుతో రైసుమిల్లు పెట్టారు, సినిమా హాలు కట్టారు, రోడ్డు కాంట్రాక్టు, చిట్‌ఫండ్, తర్వాత ఇంజనీరింగ్ కాలేజీ, హైదరాబాద్లో ప్లాట్లు, పిల్లలు అమెరికా. భూమిని ఎత్తుకుపోలేం, అది ఉన్నచోటే ఉంటుంది, అందుకే భూమే ఆస్తి అయిన రోజుల్లో ఓటంటే భయం. డబ్బుకి కాళ్ళున్నాయి. ఆస్తికి కాళ్ళొచ్చాక పేదోడి ఓటు మీద భయం తగ్గింది. ఇప్పుడు బియ్యమిస్తే ఇవ్వండి, మా రిజిస్ట్రేషన్ వేల్యూ పెంచకండి చాలు, అంతే.

2004 ఉచిత కరెంటు, 2007 ఆరోగ్యశ్రీ, తర్వాత ఫీజు రీయింబర్స్‌మెంటు, వీటి మీద ఎక్కువ సేపు తీసుకోను, అందరికీ తెలిసినవే. ఆరోగ్యశ్రీ వల్ల బతికినోళ్ళు ఈ హాల్లోనే ఉంటారు. ఉచిత కరెంటు బోరున్నోడికి, బోరు భూమి ఉన్నోడికి, అంత వరకు చెప్పి వదిలేస్తా.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించేది కరీంనగర్ వైపు హుజూరాబాద్ దగ్గర శాలపల్లి అనే ఊరు. 2018 మే 10న కేసీఆర్ అక్కడ రైతుబంధు మొదలుపెట్టారు, ఎకరానికి పంటకి 4 వేలు, తర్వాత 5 వేలు చేశారు. ఎకరాలకి హద్దు లేదు. అంటే ఏడాదికి రెండెకరాల రైతుకి 20 వేలు, ఇరవై ఎకరాలాయనకి 2 లక్షలు, భూమి లేని కూలీకి సున్నా, కౌలుకి చేసేవాడికి సున్నా. 1973లో సీలింగ్ పెట్టిన నేల మీద 2018లో సీలింగ్ లేకుండా డబ్బు పంచారు, గమనించారా? అక్కడితో అయిపోలేదు. 2014లో ఆ గవర్నమెంటే భూమి లేని దళిత కుటుంబాలకి 3 ఎకరాలిస్తామంది, గోల్కొండ కోట మీద మొదలుపెట్టింది. గవర్నమెంటు డబ్బు పెట్టి కొనడమే, లాక్కోవడం కాదు, అయినా ముందుకు కదల్లేదు, అమ్మేవాళ్ళు లేరు, అమ్మేవాళ్ళున్న చోట రేటు లేదు. చివరికి 2021 ఆగస్టులో అదే శాలపల్లిలో దళితబంధు అన్నారు, కుటుంబానికి 10 లక్షలు. భూమి బదులు డబ్బు. నలభై ఏళ్ళలో జరిగిన కథ ఒక్క గవర్నమెంటు ఏడేళ్ళలో మళ్ళీ ఆడి చూపించింది. అప్పుడక్కడ ఉప ఎన్నిక ఉంది. ఓడిపోయారు.

మన వైపుకి వస్తే 2019 నుంచి 2024 దాకా ముఖ్యమంత్రి జగన్ నొక్కిన బటన్. అమ్మఒడి 15 వేలు, రైతు భరోసా 13,500, చేయూత, ఆసరా, ఇంటింటికీ వాలంటీర్. మధ్యవర్తి లేడు, నేరుగా ఖాతాలో. నేను దీన్ని వెటకారం చెయ్యను, నిజంగా ఇళ్ళకి డబ్బు చేరింది, నాకు తెలిసిన ఇళ్ళల్లోనే చేరింది. 2024లో ఏమైంది, వైసీపీకి 175లో 11. ఓట్లెంత? సుమారు 39 శాతం. ఇందాక గుర్తుపెట్టుకోమన్నానే! 1955లో అదే 39 శాతానికి 119 సీట్లు, ఇప్పుడు 11. అవతలోళ్ళు ఒక్క గొడుగు కిందకి వచ్చారు, అప్పుడు కమ్యూనిస్టులకి జరిగిందే. టీవీల్లో ఏమన్నారు, డబ్బు తీసుకుని ఓటెయ్యలేదు, కృతజ్ఞత లేని జనం అని. కృతజ్ఞత ఏంటండీ, ఎవడబ్బ సొమ్ము! అమ్మఒడి తీసుకున్నావిడ కూరగాయల కొట్లో, కరెంటు బిల్లులో, మందు కొట్లో మొగుడి ద్వారా కట్టిందే కదా అది. 1983లో రూపాయి తొంభైకి బియ్యం తిని కూడా మార్చారు కదా.

దానికంటే నేను ఇంకోటి చూస్తా. ఆ ఎలక్షన్లో మా ఊళ్ళో ఇంటింటా మాట్లాడుకున్నది బటన్ గురించి కాదు, ఏ భూమి ఎవరిదో గవర్నమెంటు రిజిస్టరులో ఖాయం చేసే ల్యాండ్ టైట్లింగ్ చట్టం గురించి. పాసుపుస్తకం మీద ముఖ్యమంత్రి బొమ్మ, సరిహద్దు రాళ్ళ మీద పేరు. ఆ చట్టంలో నిజంగా ఎంత ప్రమాదం ఉంది, ఎంత ప్రచారం అనేది లాయర్లు తేల్చాలి. కానీ ఎకరం ముప్పావు ఉన్న మనిషి, ఐదేళ్ళు ఖాతాలో డబ్బు పడ్డ మనిషి, 'మా తాత ఇచ్చిన భూమి మీద ఆయన బొమ్మెందుకు' అన్నాడు. గవర్నమెంటు మారింది, జూన్లో ప్రమాణస్వీకారం తర్వాత చంద్రబాబు పెట్టిన రెండో సంతకమే ఆ చట్టం రద్దు మీద. బియ్యం, డబ్బు, కరెంటు, ఇవన్నీ ఇన్నేళ్ళు పంచినా, మనిషిని కుదిపేది ఇంకా ఆ పాసుపుస్తకమే. పేదోడు కూడా, ఉన్న ఆ ఎకరం దగ్గరికి వచ్చేసరికి ఉన్నోడే. మెకాలేకి ఇది తట్టలేదు.

టైమ్ అయిపోయిందని సెక్రటరీ గారు చూస్తున్నారు, ఒక్క నిమిషం. ముందు వరసలో పెద్దాయన అడిగారు, ఇన్ని చెప్పారు, కౌలు రైతు సంగతేంటి అని. 2019లో మన రాష్ట్రంలో సాగుదారు హక్కుల చట్టం వచ్చింది, పదకొండు నెలలకి కార్డు ఇస్తారు, కార్డు ఉంటే భూమి లేని బీసీ, ఎస్సీ, ఎస్టీ, మైనారిటీ కౌలుదారులకి కూడా అప్పట్లో రైతు భరోసా వచ్చేది. మంచి చట్టమే. ఒక్క షరతు, భూమి యజమాని సంతకం పెట్టాలి.

మాకు ఊళ్ళో మూడెకరాలుంది. మా నాన్న దగ్గర్నించి వచ్చింది. చేసేది ఒక బీసీ కుర్రాడు, కుర్రాడేంటి నలభై దాటాయి, నన్ను మాస్టారూ అంటాడు. నేను పెన్షనర్ని కాబట్టి రైతు భరోసా నాకు వచ్చేది కాదు, నాకు పోయేదేం లేదు. కాయితం తెచ్చి మా వరండాలో కూర్చున్నాడు. మా ఆవిడ కాఫీ ఇచ్చింది. మా అన్నయ్యకి ఫోన్ చేశా, 'పెట్టబాకరా, రేపు భూమి నాదంటాడు' అన్నాడు. అనడని నాకు తెలుసు, ముప్పై ఏళ్ళు పాఠం చెప్పినోణ్ణి, చట్టం కూడా చదివా, పదకొండు నెలలే, హక్కేం రాదు. 'చూసి చెప్తాలే' అన్నా. ఆ కాయితం ఇంకా మా ఇంట్లో టీవీ కింద సొరుగులో ఉంది. ఆయన మళ్ళీ అడగలేదు. కౌలు మాత్రం సంక్రాంతికి తెచ్చి ఇస్తాడు, మీద ఒక బస్తా కందులు కూడా.